పట్టికల గురించిన పట్టికలు

2022 ఏప్రిల్ 3 రాత్రి రామాయపట్నం ప్రకాశం జిల్లాలో పడుకుంది, తెల్లారి నెల్లూరు జిల్లాలో లేచింది. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయిన రోజది. కందుకూరు, గుడ్లూరు, ఉలవపాడు, లింగసముద్రం, వలేటివారిపాలెం మండలాలు ఉత్తరం నుంచి నెల్లూరులో కలిశాయి. దక్షిణాన తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. వాటి వెంట శ్రీహరికోట వెళ్లింది, నేలపట్టు పక్షుల కేంద్రం వెళ్లింది, పులికాట్ సరస్సులో మన రాష్ట్రానికి చెందిన భాగమూ వెళ్లింది. కందుకూరు వాళ్లకు నెల్లూరు కొత్త కాదు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా (తర్వాతి ప్రకాశం జిల్లా) ఏర్పడేదాకా వాళ్లు నెల్లూరు జిల్లావాళ్లే. 52 ఏళ్ల తర్వాత మళ్లీ పాత గూటికి చేరారు.

ఊళ్లో మనిషికి ఈ మార్పు ఒక్క వాక్యం. ప్రభుత్వ కంప్యూటర్లకు మాత్రం అలా కాదు. పొలాల రికార్డులు, రేషన్ కార్డులు, పింఛన్లు, బడి పిల్లల జాబితాలు, పడవల రిజిస్ట్రేషన్లు, రొయ్యల చెరువుల అనుమతులు అన్నీ డేటాబేసుల్లో ఉన్నాయి, అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట జిల్లా ఉంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15న మొదలై జూన్ 14దాకా 61 రోజులు సాగుతుంది. అంటే జిల్లాలు మారిన పదకొండో రోజుకే నిషేధం. వేట మానుకున్నందుకు ఇచ్చే భృతి జాబితాలో ఉలవపాడు మండలపు మత్స్యకారుడి పేరు ఏ జిల్లా కింద ఉండాలి? పాత జిల్లా జాబితాలోంచి తీసేసి కొత్త జిల్లా జాబితాలో చేర్చే లోపల ఆ పేరు రెండు చోట్లా ఉండకూడదు, రెండు చోట్లా లేకుండానూ పోకూడదు.

ఈ పని మొదలుపెట్టేవాడికి ముందుగా వచ్చే సందేహం ఒకటే. జిల్లాను దాచుకున్న గడి మన డేటాబేసులో ఏయే పట్టికల్లో ఉంది? ఈ ప్రశ్నను నిదానంగా చూడండి. ఇది ఏ మత్స్యకారుడి గురించీ కాదు, ఏ చెరువు గురించీ కాదు. పట్టికల గురించి అడిగిన ప్రశ్న. సమాచారం గురించిన ఇలాంటి సమాచారాన్నే మెటాడేటా అంటారు. పట్టికల పేర్లేమిటి, ఒక్కో పట్టికలో ఏ గడులున్నాయి, ఏ గడిలో అంకె పడుతుంది, దేనిలో తేదీ పడుతుంది, ఏ పట్టిక ఏ పట్టిక మీద ఆధారపడింది, వాటిని చూసే హక్కు ఎవరికి ఉంది అన్నవి అన్నీ దీని కిందికి వస్తాయి.

ఇలాంటి ప్రశ్నకు జవాబు చాలా కార్యాలయాల్లో ఒక మనిషి దగ్గర ఉంటుంది. "ఆ సాఫ్ట్‌వేర్ రాసినాయన్ని అడగండి" అంటారు. ఆయన ఉద్యోగం మారితే జవాబు ఆయనతోనే వెళ్లిపోతుంది. డేటాబేసు తన గురించి తానే చెప్పుకోవాలి, ఏ కంపెనీ డేటాబేసైనా ఒకే తీరుగా చెప్పాలి అన్న ఆలోచన ఎలా పుట్టిందో, ఎంతదాకా నెరవేరిందో ఈ అధ్యాయంలో చూద్దాం.

మూడో నంబరు లెక్క

కాగితం మీద ఈ సమస్య మనవాళ్లకు పాతదే. కోస్తా జిల్లాల్లో రెవెన్యూ యంత్రాంగం ఊరి లెక్కలకు నంబర్లు పెట్టింది. మూడో నంబరు లెక్క అంటే అడంగల్. ఏ సర్వే నంబరులో ఎంత భూమి, ఎవరి సాగు, ఏ పైరు, ఏ నీరు అన్నవి అందులో వరుసగా ఉంటాయి. కావలి తాలూకా ఊరైనా, కోవూరు తాలూకా ఊరైనా తహశీల్దారు ఏటా జరిగే లెక్కల తనిఖీకి, అంటే జమాబందికి, కూర్చుని మూడో నంబరు తెమ్మంటే ఏ కరణమైనా అదే తెస్తాడు. గడులు కూడా ఆ వరుసలోనే ఉంటాయి. ఆ ఊరికి ఎన్నడూ రాని అధికారి సైతం ఆ పుస్తకాన్ని చదవగలడు.

1984 జనవరిలో ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. కరణాలు పోయారు. లెక్కల నంబర్లు మాత్రం పోలేదు. రైతులు ఇవాళ్టికీ అడంగల్, వన్ బీ (హక్కుల రికార్డు) అనే అడుగుతున్నారు. రూపాన్ని ముందే నిర్ణయించి, అందరికీ ఒకే పేరుతో పిలవడం నేర్పినందువల్ల వచ్చిన బలం ఇది. మనిషి మారినా లెక్క చదవడం ఆగలేదు. అయితే రిమార్కుల గడిలో కరణం గారు తనకోసం రాసుకున్న పొడి అక్షరాలకు అర్థం ఏ నంబరూ చెప్పదు. ఈ రెండో సంగతికి చివర్లో మళ్లీ రావాలి.

కాడ్ చెప్పిన నాలుగో నియమం

ఒంగోలు జిల్లా పుట్టిన ఏడాదే, 1970 జూన్‌లో, ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ తన ప్రసిద్ధ పత్రాన్ని ప్రచురించాడు. సమాచారాన్నంతా పట్టికలుగా చూడాలనీ, అది డిస్కు మీద ఎక్కడ ఎలా దాగి ఉందన్న గొడవ వాడేవాడికి ఉండకూడదనీ ఆ పత్రం సారాంశం. ఈ పద్ధతికే రిలేషనల్ అని పేరు. అంతకు ముందటి డేటాబేసుల్లో ఒక రికార్డు నుంచి మరో రికార్డుకు దారి ప్రోగ్రామరే వెతుక్కోవాలి. ఏది ఎక్కడుందన్న వివరణ ప్రోగ్రాముల లోపలా, ఫైళ్లలోని నిర్వచనాల్లోనూ చెల్లాచెదురుగా ఉండేది. 1974లో ఐబీఎంకే చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్ పట్టికలను అడిగే భాషను రూపొందించారు. ఇవాళ మనం ఎస్‌క్యూఎల్ అంటున్నది దాన్నే.

1980ల నాటికి పేరుకు మాత్రమే రిలేషనల్ అని చెప్పుకునే సరుకు బజారులో ఎక్కువైంది. కాడ్ 1985 అక్టోబరులో కంప్యూటర్ వరల్డ్ పత్రికలో తన నియమాలను ప్రకటించాడు. లెక్క సున్నా నుంచి మొదలై 12 దాకా నడుస్తుంది. నాలుగో నియమం మన విషయం. డేటాబేసు గురించిన వర్ణన కూడా మామూలు సమాచారంలాగే పట్టికల రూపంలో ఉండాలి, అధికారం ఉన్నవాళ్లు మామూలు సమాచారాన్ని అడిగే భాషలోనే దాన్నీ అడగగలగాలి అన్నది దాని తాత్పర్యం.

నా దృష్టిలో ఆ నియమాలన్నిట్లోనూ లోతైనది ఇదే. పట్టికల గురించి తెలుసుకోవడానికి వేరే పుస్తకం, వేరే భాష, వేరే మనిషి అక్కర్లేదంటోంది. పడవల పట్టికను అడిగే భాష వస్తే చాలు, "నీ దగ్గర పడవల పట్టిక ఉందా, దానిలో ఏమేం ఉన్నాయి" అని అడగడమూ వచ్చినట్టే. వర్ణన కూడా సమాచారమే కాబట్టి దాన్ని వెతకవచ్చు, లెక్కించవచ్చు, రెండు డేటాబేసుల వర్ణనలను పక్కపక్కన పెట్టి తేడాలు పట్టవచ్చు.

ఈ పద్ధతిని చాలామంది పాటించారు. కాకపోతే ఎవరి పేర్లు వారివి. ఐబీఎం డీబీ2లో పట్టికల జాబితా సిస్‌టేబుల్స్. ఆరకిల్‌లో అదే జాబితా మూడు రకాలు: నీవి మాత్రమే చూపేది యూజర్_టేబుల్స్, నీకు అందుబాటులో ఉన్నవన్నీ చూపేది ఆల్_టేబుల్స్, నిర్వాహకుడికి సమస్తం చూపేది డీబీఏ_టేబుల్స్. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_క్లాస్ అనే పట్టిక ఉంది. అందులో పట్టికలు, వెతుకులాటను వేగం చేసే ఇండెక్సులు, వ్యూలు (వీటి సంగతి కాసేపట్లో), క్రమసంఖ్యల యంత్రాలు అన్నీ ఒకే చోట ఉంటాయి. ఏది ఏమిటో ఒక గడిలో ఒక్క అక్షరం చెబుతుంది. కొత్తవాడు అందులో పట్టికల పేర్లు వెతికితే ఇండెక్సుల పేర్లూ కలిసి వస్తాయి.

ఎస్‌క్యూఎల్‌కు అమెరికాలో 1986లో, అంతర్జాతీయంగా 1987లో ప్రమాణం వచ్చింది. అడిగే భాష ఒకటైంది గానీ అడగాల్సిన చోటు మాత్రం ఒకటి కాలేదు. ఆ లోటు తీరడానికి 1992 దాకా ఆగాల్సి వచ్చింది.

కిటికీ అందరికీ ఒకటే

1992 ప్రమాణం రాసినవాళ్ల ముందు గట్టి చిక్కే ఉంది. ప్రతి కంపెనీకీ లోపలి పట్టికలు అప్పటికే ఉన్నాయి. వాటి మీద వేలాది ప్రోగ్రాములు నడుస్తున్నాయి. మీ లోపలి కట్టడం కూలగొట్టి మేం చెప్పినట్టు కట్టుకోండంటే ఎవరూ వినరు.

వాళ్లు కనిపెట్టిన ఉపాయం రిలేషనల్ సిద్ధాంతంలోంచే వచ్చింది. వ్యూ అంటే చూడటానికి పట్టికలా ఉండేది, అసలు సరుకు మాత్రం వేరే పట్టికల్లో ఉండేది. ఆ ప్రమాణం డెఫినిషన్ స్కీమా పేరుతో కొన్ని మూల పట్టికలను ఊహించింది. వాటిని ఎవరూ నిజంగా కట్టక్కర్లేదని కూడా చెప్పింది. వాటి మీద ఇన్ఫర్మేషన్ స్కీమా పేరుతో కొన్ని వ్యూలను నిర్వచించింది. లోపల మీరు ఏం చేసుకున్నా సరే, ఈ పేరుతో, ఈ గడులతో, ఈ అర్థంతో బయటికి చూపించండి అన్నది నిబంధన. కూల్చేది లేదు, కిటికీ పెట్టడమే పని. 2003లో ఈ భాగాన్నంతా ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో పదకొండో భాగంగా విడదీసి స్కీమాటా అని పేరు పెట్టారు.

పాటించడం మాత్రం నెమ్మదిగా సాగింది. పోస్ట్‌గ్రెస్ 2003లో తన 7.4 వెర్షన్‌తో ఇన్ఫర్మేషన్ స్కీమాను తెచ్చింది. మైఎస్‌క్యూఎల్ 2005లో 5.0తో తెచ్చింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అంతకు ముందే ఉంది. ఆరకిల్‌లో ఇప్పటికీ లేదు. అంత పెద్ద సంస్థ, అంత పాత సంస్థ, ముప్పై ఏళ్లు దాటినా ఆ కొద్దిపాటి వ్యూలు పెట్టకపోవడం సమర్థించదగిన పని కాదు. మన స్మార్ట్‌ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్‌లోనూ లేదు, కానీ దాని కథ వేరు. అది చాలా చిన్న యంత్రం. పట్టికను తయారుచేసిన ఆజ్ఞ పాఠాన్ని యథాతథంగా ఒక్క పట్టికలో దాచుకుంటుంది, గడుల వివరాలకు ప్రాగ్మా అనే ప్రత్యేక ఆజ్ఞలు ఇస్తుంది.

అందరూ ఒకే కిటికీ పెట్టకపోయినా ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఓడీబీసీ, జేడీబీసీ అనే అనుసంధాన పద్ధతుల్లో పట్టికలు చూపు, గడులు చూపు, కీలు చూపు అని అడిగే ఫంక్షన్లు ఉంటాయి. ఏ డేటాబేసుకు ఆ డేటాబేసు డ్రైవరు ఆ ప్రశ్నను లోపలి భాషలోకి మార్చుకుంటుంది. ఆరకిల్ అయితే ఆల్_టేబుల్స్‌ను అడుగుతుంది, ఎస్‌క్యూలైట్ అయితే ప్రాగ్మాను. అడిగే ప్రోగ్రాముకు ఈ తేడా తెలియనవసరం లేదు.

జిల్లాను వెతుకుదాం

ఇప్పుడు రామాయపట్నం దగ్గరికి వెళ్దాం. ఒక శాఖ దగ్గర పోస్ట్‌గ్రెస్‌లో కొన్ని వందల పట్టికలున్న డేటాబేసు ఉందనుకుందాం. యంత్రానికి రోమన్ అక్షరాల్లో ఇచ్చే ప్రశ్నను మన అక్షరాల్లో రాస్తే ఇలా ఉంటుంది:

సెలెక్ట్ టేబుల్_నేమ్, కాలమ్_నేమ్, డేటా_టైప్, క్యారెక్టర్_మాక్సిమమ్_లెంగ్త్ ఫ్రమ్ ఇన్ఫర్మేషన్_స్కీమా.కాలమ్స్ వేర్ కాలమ్_నేమ్ లైక్ '%డిస్ట్%'

కాలమ్స్ అనే వ్యూలో డేటాబేసులోని ప్రతి పట్టికలోని ప్రతి గడికీ ఒక వరుస ఉంటుంది. పేరులో ఎక్కడైనా డిస్ట్ ఉన్న గడులను చూపమన్నాం. జవాబుగా నాలుగు వరుసలు వచ్చాయనుకోండి. పడవల పట్టికలో జిల్లా పేరు, 20 అక్షరాలు. చెరువుల పట్టికలో జిల్లా కోడు, పూర్ణాంకం. భృతి పట్టికలో జిల్లా కోడు, కానీ అక్షరాల రూపంలో. నాలుగోది జిల్లాల పట్టికే.

ఈ నాలుగు వరుసల్లోనే ఎంత కథ ఉందో చూడండి. చెరువుల పట్టికలో కోడు ఒక్కటే ఉంది కాబట్టి అక్కడ పని తేలిక. భృతి పట్టికలో అదే కోడు అక్షరాలుగా ఉంది కాబట్టి, రెండింటినీ జత చేసే ప్రతి ప్రశ్నలోనూ ఒకదాన్ని రెండోదానిలోకి మార్చాలి. ముందు సున్నా ఉందా లేదా అన్న తగాదా అక్కడే మొదలవుతుంది. ఇక పడవల పట్టిక. జిల్లా పేరు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. జిల్లా అన్న మాట వదిలేసినా, ఆ పేరును ఇంగ్లిషులో రాస్తే ఖాళీలతో కలిపి 27 అక్షరాలు. 20 అక్షరాల గడిలో పట్టదు. కాబట్టి ఎవరో నెల్లూరు అని మాత్రమే రాసి ఉంటారు, ఇంకెవరో పొడి అక్షరాలు వేసి ఉంటారు. ఒక్క పడవ వివరం కూడా చూడకుండానే, గడి వెడల్పును బట్టి ఈ అనుమానం పుడుతోంది. మెటాడేటా చదవడం వచ్చినవాడికి దక్కే లాభం ఇది.

తెలుగులో రాస్తే కొలత మరో రకంగా ఉంటుంది. నెల్లూరు అన్న మాట మన కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం కలిపి 8. యూటీఎఫ్-8లో దాచితే ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు. అందుకే ఇన్ఫర్మేషన్ స్కీమాలో ఒక గడికి రెండు కొలతలు ఇస్తారు. అక్షరాల్లో గరిష్ఠ పొడవు ఒకటి, బైట్లలో గరిష్ఠ పొడవు మరొకటి. ఇంగ్లిషు మాత్రమే వాడేవాడికి ఈ రెండో గడి ఎందుకో అర్థం కాదు. మనకు అవుతుంది.

గడుల పేర్లే తెలుగులో పెట్టుకోవచ్చు కూడా, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. అయితే అక్కడ పేరుకు 63 బైట్లే హద్దు. పట్టాదారు_పాసుపుస్తకం_సంఖ్య అని పెట్టి చూడండి, 77 బైట్లు అవుతుంది. హద్దు దాటిన భాగాన్ని అది కత్తిరిస్తుంది, సంఖ్య అన్న మాట పూర్తిగా ఎగిరిపోతుంది. ఆ సంగతి ఒక సూచనగా చెప్పి ఊరుకుంటుంది, పని ఆపదు. నిజంగా ఏ పేరు నిలిచిందో తెలియాలంటే మళ్లీ కాలమ్స్ వ్యూనే అడగాలి.

ఇంగ్లిషు పేర్లలో ఇంకో తంటా పెద్దబడి, చిన్నబడి అక్షరాలది. కొటేషన్ గుర్తులు లేకుండా రాసిన పేరును పెద్ద అక్షరాల్లోకి మార్చి దాచాలని ప్రమాణం చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ చిన్న అక్షరాల్లోకి మారుస్తుంది. ఒకచోట పనిచేసిన వెతుకులాట ఇంకోచోట ఒక్క వరుస కూడా ఇవ్వదు, తప్పు అని కూడా చెప్పదు. మన గడి అసలు లేదేమో అనుకునే ప్రమాదం ఉంది.

పట్టికల మధ్య బంధుత్వాలు కూడా అడగవచ్చు. చెరువుల పట్టికలోని జిల్లా కోడు జిల్లాల పట్టికలో ఉన్న కోడే అయి తీరాలన్న కట్టుబాటును ఫారిన్ కీ అంటారు. టేబుల్_కన్‌స్ట్రెయింట్స్, కీ_కాలమ్_యూసేజ్, రెఫరెన్షియల్_కన్‌స్ట్రెయింట్స్ అనే మూడు వ్యూలను జత చేస్తే జిల్లాల పట్టిక మీద ఆధారపడిన పట్టికలన్నీ బయటపడతాయి. ఇక్కడో మెలిక ఉంది. ఒక స్కీమాలో, అంటే ఒకే గుంపుగా ఉంచిన పట్టికల్లో, రెండు కట్టుబాట్లకు ఒకే పేరు ఉండదని ప్రమాణం అనుకుంది. వేర్వేరు పట్టికల్లోనైతే ఒకే పేరున్నా పోస్ట్‌గ్రెస్ అభ్యంతరం చెప్పదు. పేరు మీదే జత చేస్తే లేని బంధుత్వాలు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. కట్టుబాటుకు పేరు పెట్టేటప్పుడే పట్టిక పేరు అందులో చేర్చడం మంచి అలవాటు.

ప్రమాణం చూపించని వస్తువులూ ఉన్నాయి. ఇండెక్సులు ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే లేవు కాబట్టి ఇన్ఫర్మేషన్ స్కీమా ప్రమాణ రూపంలోనూ ఉండవు. మైఎస్‌క్యూఎల్ స్టాటిస్టిక్స్ అనే వ్యూను సొంతంగా కలిపి ఆ లోటు పూడ్చుకుంది. అదే మైఎస్‌క్యూఎల్‌లో ఈ వ్యూలను అడగడం చాలాకాలం భారమైన పని. పట్టికకో ఫైలు చొప్పున తెరిచి చూసుకుని చెప్పేది. 2018లో వచ్చిన 8.0లో తన వర్ణననంతా సొంత పట్టికల్లోకి మార్చుకున్నాక ఆ భారం తగ్గింది. కాడ్ నాలుగో నియమాన్ని 33 ఏళ్ల తర్వాత అక్షరాలా పాటించినట్టయింది.

ఎవరికి ఎంత కనబడాలి

ఇన్ఫర్మేషన్ స్కీమాలో అడిగినవాడి హక్కును బట్టే జవాబు ఉంటుంది. భృతి పట్టికను చూసే అనుమతి లేని డేటా ఎంట్రీ ఆపరేటరు కాలమ్స్ వ్యూను అడిగితే ఆ పట్టిక వరుసలు రావు. అందులో బ్యాంకు ఖాతా గడి ఉందన్న సంగతి కూడా అతనికి తెలియదు. పోస్ట్‌గ్రెస్ లోపలి పట్టికలు ఇంత గుట్టు పాటించవు, పీజీ_క్లాస్‌ను దాదాపు ఎవరైనా చదవవచ్చు.

ఈ సౌకర్యం దొంగకూ సౌకర్యమే. వెబ్‌సైటులోని వెతికే పెట్టెలో ఎస్‌క్యూఎల్ ముక్కలు దూర్చి డేటాబేసులోకి చొరబడేవాళ్లు ముందుగా అడిగేది ఇన్ఫర్మేషన్ స్కీమానే. ఇల్లు ఏదైనా బీరువా ఏ గదిలో ఉందో చెప్పే జాబితా ఒకేచోట దొరుకుతుంది కదా. దీనికి మందు జాబితాను దాచడం కాదు. వాడుకరి టైపు చేసినదాన్ని ప్రశ్నలో నేరుగా అతికించకుండా పరామితిగా పంపాలి, వెబ్‌సైటు వాడే ఖాతాకు అవసరమైన పట్టికల మీద తప్ప హక్కు ఇవ్వకూడదు. ఈ రెండూ పాటిస్తే ఆ చొరబాటుకు దారి దాదాపు మూసుకుపోతుంది.

కౌంట్ అంటే ఏమిటి

రిమార్కుల గడి సంగతికి ఇప్పుడు రావచ్చు. రొయ్యల కొనుగోళ్ల పట్టిక ఒకటి ఊహించుకోండి. అందులో కౌంట్ అనే గడి ఉంది. ఇన్ఫర్మేషన్ స్కీమాను అడిగితే పూర్ణాంకం, ఖాళీగా వదలకూడదు అని చెబుతుంది. అది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ కౌంట్ అంటే?

ముత్తుకూరులోనో విడవలూరులోనో చెరువు గట్టు మీద ఏ రైతునడిగినా చెబుతాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది కౌంట్. 30 కౌంట్ అంటే కిలోకు 30. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య. అంకె తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఈ సంగతి తెలియని విశ్లేషకుడు హైదరాబాదులో కూర్చుని ఆ గడిని కూడి మొత్తం రొయ్యల సంఖ్య అని నివేదిక రాయగలడు. కౌంట్ పెరిగింది గనక దిగుబడి మెరుగైందని కూడా రాయగలడు. రకం పూర్ణాంకమే కాబట్టి కూడవద్దని యంత్రం ఎందుకంటుంది?

విస్తీర్ణం గడి కూడా ఇలాంటిదే. రైతు ఎకరాల్లో చెబుతాడు. 2005 చట్టం కింద చెరువులను నమోదు చేసే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ లెక్క హెక్టార్లలో ఉంటుంది. ఒక హెక్టారుకు 2.47 ఎకరాలు. పైగా గట్లు, కాలువలు, షెడ్డు కలిపిన మొత్తం భూమి వేరు, నీరు నిలిచే విస్తీర్ణం వేరు. ఇళ్ల స్థలాలకొస్తే అంకణం ఉంది. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36 వాడుకలో ఉంది. దశాంశ సంఖ్య, రెండు స్థానాలు అని మాత్రమే తెలిసిన గడిలో ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి.

తుపాన్ల రికార్డులు చూడండి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను పేరు గే. అమెరికా తుపాను హెచ్చరికల కేంద్రం లెక్కలో దాని గరిష్ఠ వేగం గంటకు 260 కిలోమీటర్లు. ఆ కేంద్రం ఒక నిమిషం సగటును తీసుకుంటుంది. భారత వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీసుకుంటుంది. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రామాణిక పద్ధతి పది నిమిషాలది. గాలి ఒకటే, సగటు కాలం పెరిగితే అంకె తగ్గుతుంది. గాలివేగం అన్న గడి పక్కన ఏ సగటో రాసి లేకపోతే రెండు పట్టికలను కలిపినవాడికి ఒకే తుపాను రెండు బలాలతో కనబడుతుంది. ఇక నెల్లూరు జిల్లాను తాకిన తుపాన్లెన్ని అని అడిగితే, ఏ నాటి నెల్లూరు జిల్లా అని ఎదురు అడగాలి. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను నాటి నెల్లూరుది. 2022 హద్దులతో చూస్తే తిరుపతిది.

సముద్ర శాస్త్రవేత్తలు ఈ విషయంలో డేటాబేసులవాళ్లకంటే ముందున్నారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ హిందూ మహాసముద్రంలో తేలియాడే ఆర్గో పరికరాల సమాచారాన్ని సేకరిస్తుంది. ఆ సమాచారం నెట్‌సీడీఎఫ్ అనే రూపంలో ఉంటుంది. ప్రతి రాశికీ కొలమానం, పేరు, లేని విలువకు గుర్తు ఫైలులోనే రాసి ఉంటాయి. ఉష్ణోగ్రత అంటే సముద్రపు నీటిదో, గాలిదో స్పష్టంగా చెప్పే ప్రామాణిక పేర్ల పట్టిక కూడా ఆ రంగంలో ఉంది. అది లేకుండా ఒక దేశం కొలిచినదాన్ని ఇంకో దేశం నమ్మలేదు. వాళ్లు అర్థాన్ని ప్రమాణం చేశారు, ఎస్‌క్యూఎల్ ప్రమాణం రాసినవాళ్లు నిర్మాణాన్ని మాత్రమే ప్రమాణం చేసి ఆగిపోయారు.

పట్టికకూ గడికీ వివరణ రాసే కామెంట్ అనే ఆజ్ఞ ఆరకిల్‌లో ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో పట్టిక కట్టేటప్పుడే రాయవచ్చు, అది కాలమ్స్ వ్యూలో అదనపు గడిగా కనిపిస్తుంది కూడా. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో మాత్రం ఈ ఆజ్ఞ లేదు. ఇన్ఫర్మేషన్ స్కీమాలో నాకు కనిపించే అతి పెద్ద లోటు ఇది. గడి వెడల్పు చెప్పడానికి రెండు గడులు కేటాయించినవాళ్లు, దాని అర్థం చెప్పడానికి ఒక్క గడి కేటాయించి ఉండాల్సింది.

అర్థాల ప్రమాణాలు వేరే చోట్ల ఉన్నాయి. సమాచార అంశాలను నమోదు చేసే పద్ధతికి ఐఎస్‌ఓ 11179 ఉంది. మన దేశంలో పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ జిల్లాలకు, మండలాలకు, ఊళ్లకు కోడులిస్తుంది. పేరు బదులు ఆ కోడును వాడుకుని, జిల్లా వివరాన్ని ఒక్క పట్టికలోనే ఉంచి, హద్దు ఏ తేదీ నుంచి మారిందో రాసుకున్న డేటాబేసుకు ఏప్రిల్ 4 పెద్ద గండం కాదు. కందుకూరును 1970కి ముందూ, 2022 తర్వాతా నెల్లూరులో చూపించి మధ్యలో ప్రకాశంలో చూపించగలదు.

కార్యాలయాల్లో, కంపెనీల్లో పట్టికలు కట్టేవాళ్లకు ఒక్క విన్నపం. గడిని కట్టిన రోజే దాని కొలమానం, దాని అర్థం ఒక్క వాక్యంలో కామెంటుగా రాయండి, తెలుగులోనే రాయండి, మీ డేటాబేసు అర్థం చేసుకుంటుంది. కౌంట్ గడికి "కిలోకు తూగే రొయ్యల సంఖ్య, కూడకూడదు" అని రాయడానికి అర నిమిషం చాలు. సాఫ్ట్‌వేర్ చేయించుకునే అధికారులు ఒప్పందంలో ఆ షరతు పెట్టండి, పని అప్పగించే రోజున కామెంటు లేని గడులెన్నో లెక్క అడగండి. ఆ లెక్క కూడా డేటాబేసే చెబుతుంది, ఒక్క ప్రశ్న వేస్తే చాలు.